సీసాలో నానిన రాత్రి

గ్రీసు చలికొండల పెద్ద తెల్ల గింజలు ఇప్పుడు ఉడికి, గాజుసీసాలో వస్తున్నాయి. పొయ్యి దగ్గర మిగిలిన పని పావుగంటే. ఆ పావుగంటలో ఏం చేయాలి, ఏం చేయకూడదు?

మూత మీద అరచెయ్యి ఆనించి గట్టిగా తిప్పితే ‘టక్’మని ఒకటే చప్పుడు. అప్పటిదాకా గాలి లేని సీసాలోకి గాలి జొరబడిన చప్పుడది. వినిపించకపోతే ఆ సీసాను పక్కన పెట్టడమే మేలు. వినిపిస్తే తొంగి చూడండి. పల్చటి గంజిలాంటి నీళ్లు, వాటిలో ఒకదాని మీద ఒకటి ఒరిగిన తెల్ల గింజలు. ఒక్కొక్కటి బొటనవేలి కణుపంత ఉంటుంది. చెంచాతో ఒకటి తీసి నోట్లో వేసుకుని, నాలుకతో అంగిటికి నొక్కితే నలిగిపోతుంది. పంటికి పనుండదు. మధ్యలో పలుకు తగలదు, పొడిపొడిగా గొంతుకు అడ్డం పడదు. తొక్క ఉందా అంటే ఉంది, అంతే.

ఇవి గ్రీసు వాళ్ల గిగాంటెస్. వీటికన్నా పెద్ద రకం ఎలెఫాంటెస్. రాక్షసులు, ఏనుగులు అన్నమాట. పేర్లు పెట్టడంలో వాళ్లేమీ మొహమాటపడలేదు.

అమెరికాలో, బ్రిటన్‌లో, యూరప్‌లో సూపర్‌మార్కెట్లకు వెళ్తే ఆలివ్ కాయల పక్కనో, టమాటా సాసుల పక్కనో ఈ సీసాలు కనిపిస్తాయి. అక్కడున్న మన పిల్లలు సరదాపడి ఒకటి కొంటారు. ఇంటికొచ్చి వంటగట్టు మీద పెట్టాక, దీన్ని ఏం చేయాలని ఫొటో తీసి ఇక్కడికి పంపుతారు. మా చెల్లెలి కూతురు అలాగే పంపింది. వెనకాలే ఫోను.

“పెద్దమ్మా, ఇవి మన చిక్కుడు గింజలేనా?”

“కాదే. దూరపు చుట్టాలు.”

“కుక్కర్లో ఎన్ని విజిల్స్ రానివ్వాలి?”

“ఒక్కటి కూడా వద్దు తల్లీ. అవి ఉడికే వచ్చాయి.”

“మరి నేనేం చేయాలి?”

సరైన ప్రశ్నే అడిగింది. ఎండు గింజతో మొదలుపెట్టే గ్రీకు ఇల్లాలికి ఇది రెండు రోజుల వంట. ముందురోజు రాత్రి నానబోయాలి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి గంటసేపు ఉడికించాలి. గింజలు పాతవైతే ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ తరవాత ఉల్లిపాయలు, వెల్లుల్లి, సెలెరీ కాడలు, టమాటాలు, చెయ్యి వెనక్కి తీయకుండా పోసిన ఆలివ్ నూనె అన్నీ కలిపి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, అవెన్‌లో ఇంకో గంట, గంటన్నర. పైవరస గింజలు అక్కడక్కడ నల్లబడాలి, అడుగున టమాటా చిక్కబడాలి, నూనె అంచులకు చేరాలి. అప్పుడు బయటికి తీస్తారు. అదీ గిగాంటెస్ ప్లాకి.

ఈ మూడు అంచెల్లో మొదటి రెండూ సీసాలోనే అయిపోయాయి. నానడం, ఉడకడం. మూడోది నిప్పు పని. అది మనకు మిగిలింది. సీసా కొన్నవాళ్లలో చాలామంది అయిపోయిన రెండు పనులే మళ్లీ చేస్తారు. గింజల్ని పులుసులో పోసి, మూతపెట్టి, ఇరవై నిమిషాలు కుతకుతలాడిస్తారు. తొక్కలు ఊడి పైకి తేలతాయి, పప్పు కరిగి పులుసు ముద్దవుతుంది. ‘డబ్బా సరుకు ఇంతేలే’ అని గింజ మీద నింద పడుతుంది.

ఎండ పడని గింజ

గ్రీసంటే మన కళ్ల ముందు కదిలేది నీలి సముద్రం, సున్నం కొట్టిన తెల్ల ఇళ్లు, మండే ఎండ. ఈ గింజది ఆ గ్రీసు కాదు. దేశానికి ఉత్తరాన, అల్బేనియా, ఉత్తర మాసిడోనియా సరిహద్దులు కలిసేచోట ప్రెస్పా సరస్సులున్నాయి. సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తు. చలికాలంలో మంచు పడుతుంది. ఆ ఒడ్డు పొలాల్లో కర్రలు పాతి ఈ తీగను పాకిస్తారు. వసంతం ముదిరాక విత్తితే ఆకురాలు కాలానికి కాయలు ఎండుతాయి. డాల్మేషియన్ గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్లు పెట్టుకునేదీ ఈ సరస్సుల దగ్గరే. అక్కడి చిక్కుడు రైతులు తమ సహకార సంఘానికి ఆ పక్షి పేరే పెట్టుకున్నారు. బాగా తూర్పున, డ్రామా జిల్లాలో కాటో నెవ్రోకోపి ఉంది. గ్రీసులో చలి బాగా వణికించే ఊళ్లలో అదొకటి. ఈ రెండు చోట్ల గింజలకూ 1998లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు దక్కింది. మన బంగినపల్లి మామిడికి 2017లో వచ్చింది ఇలాంటిదే. కస్తోరియా గింజకూ ఆ గుర్తింపు ఉంది.

ఇంత చలి ఎందుకు కావాలంటే, దాని పుట్టిల్లు అలాంటిది. మెక్సికో, గ్వాటెమాలా ఎత్తు కొండల తీగ ఇది. రన్నర్ బీన్ అంటారు. శాస్త్రీయ నామం ఫేసియోలస్ కోక్సీనియస్. రాజ్మాది అదే కుటుంబం కానీ వేరే జాతి. ఎండ ముదిరితే రన్నర్ బీన్ పూత నిలవదు, కాయ పట్టదు. గుంటూరులోనో నల్లగొండలోనో ఈ తీగ పాకినా పాకవచ్చు గానీ సీసా నింపేంత గింజ ఇవ్వడం కష్టం. మన దగ్గర దీనికి దగ్గరి చుట్టాన్ని చూడాలంటే చింతపల్లి, గూడెం కొత్తవీధి ఎత్తులకు వెళ్లాలి. అక్కడి గిరిజన రైతులు పండించే రాజ్మా కూడా ఆ చల్లదనాన్ని నమ్ముకున్న పంటే.

పైథాగరస్ తన శిష్యుల్ని చిక్కుళ్ల జోలికి పోవద్దన్నాడని ఒక పాత కథ ఉంది. గ్రీకు గింజల మాట రాగానే ఎవరో ఒకరు దాన్ని తీస్తారు. ఆయన వద్దన్నది మరో గింజను, ఉత్తరాదిలో బాక్లా అనేదాన్ని. ఈ తెల్ల గింజ ఆయన కంట పడే వీలే లేదు. కొలంబస్ దాటిన సముద్రం దాటి వచ్చిందది. ప్లాకిలో పడే టమాటా కూడా అలా వచ్చిందే, గ్రీసులో అది వంటింటికి చేరేసరికి 19వ శతాబ్దం వచ్చేసింది. అమ్మమ్మల కాలం నాటి అచ్చ గ్రీకు వంట అని వాళ్లు చెప్పుకునే పళ్లెంలో రెండు ముఖ్యమైన సరుకులూ బయటివే. మిరపకాయ లేని ఆవకాయను ఊహించుకోలేని మనకు ఇందులో వింతేముంది!

ఒక్క జాగ్రత్త. సీసా మీద ‘గ్రీకు తరహా’ అని రాసుంటే అది వండిన తీరు గురించే. గింజ ఎక్కడిదో ఆ మాట చెప్పదు. ఇదే జాతి పోలండ్‌లోనూ పండుతుంది, స్పెయిన్‌లోనూ పండుతుంది. అక్కడి గింజలూ మంచివే. ప్రెస్పా పేరుకు డబ్బు కడుతున్నాం అనుకుంటే మాత్రం వెనక చీటీ మీద ఊరు పేరు, ఐరోపా సమాఖ్య ముద్ర రెండూ చూసుకోవాలి.

పాలు లేని ఉపవాసం

గ్రీకు వంటింట్లో గింజలకు ఇంత పెద్దపీట వేసింది చర్చి. ఈస్టరుకు ముందు దాదాపు ఏడు వారాలు ఉపవాస కాలం. మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగు, జున్ను అన్నీ బంద్. ఆ కాలంలోనే కాదు, నిష్ఠగా ఉండేవాళ్లకు ఏడాది పొడుగునా బుధ, శుక్రవారాలు కూడా అంతే. మరీ కఠినమైన రోజుల్లో నూనె కూడా ముట్టరు. మన ఉపవాసాలు తెలిసినవాళ్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. కార్తీకంలో మనం ఉల్లి, వెల్లుల్లి మానేసి పాలూ పళ్లూ పట్టుకుంటాం. వాళ్లు పాలు మానేసి ఉల్లి, వెల్లుల్లి దండిగా వేస్తారు. నూనెకు అనుమతి ఉన్న రోజున కూరగాయలో గింజలో అందులోనే మగ్గాలి. ఇలా నూనెలో మగ్గించిన కూరల కుటుంబానికి వాళ్లు లదేరా అని పేరు పెట్టుకున్నారు. ప్లాకి అందులో పెద్ద కూర.

అందుకే ప్లాకిలో నూనె తగ్గించి చేసే వంటకాలంటే నాకు పడదు. నూనె అక్కడ పోపు పెట్టడానికి వాడేది కాదు, గింజకు పట్టే పులుసులో సగభాగం. అది లేనప్పుడు మిగిలేది టమాటా నీళ్లలో చిక్కుడు గింజలు. నూనె వద్దనుకున్న రోజున వేరే వంట చేసుకోవచ్చు.

గ్రీకు హోటళ్లలో ఈ గింజలు చిన్న పళ్లెంలో, రొట్టెతో పాటు, మిగతా చిరుతిళ్ల మధ్య వస్తాయి. పొగలు కక్కుతూ రావు. గోరువెచ్చగా, ఒక్కోసారి పూర్తిగా చల్లారి వస్తాయి. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి ఇల్లు చేరేవాళ్లకు ఇది వరం. వేడివేడిగా వడ్డించాలన్న ఆదుర్దా లేదు. పొద్దున చేసి పెట్టినా సాయంత్రానికి రుచి పెరుగుతుందే గానీ తగ్గదు. పోషణ లెక్కకూ లోటు లేదు. ఉడికిన వంద గ్రాముల గింజల్లో సుమారు 7 గ్రాముల ప్రొటీన్, ఇంచుమించు అంతే పీచు. గింజలో తక్కువైన అమైనో ఆమ్లాలను రొట్టెలోని గోధుమ పూరిస్తుంది. మన పప్పన్నం నడిచేదీ ఈ లెక్క మీదే.

గాజు ముందా, రేకు ముందా?

డబ్బా ఆహారం అనగానే రేకు డబ్బా గుర్తొస్తుంది గానీ, చరిత్రలో గాజుదే ముందడుగు. సైన్యానికి చెడిపోని తిండి కావాలని ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రకటించిన 12,000 ఫ్రాంకుల బహుమతి 1810లో నికొలా అపేర్‌కు దక్కింది. మిఠాయిలు చేసే మనిషి. వెడల్పు మూతి గాజు సీసాల్లో తిండి పెట్టి, బిరడా బిగించి, మరిగే నీళ్లలో ఉంచేవాడు. ఎందుకు చెడిపోవడం లేదో ఆయనకూ తెలియదు. సూక్ష్మజీవుల సంగతి లూయీ పాశ్చర్ తేల్చడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. రేకు డబ్బాకు ఇంగ్లండులో పేటెంటు వచ్చింది కూడా 1810లోనే, కాకపోతే అపేర్ అప్పటికే ఏళ్ల తరబడి సీసాలు నింపుతున్నాడు.

ఇదంతా చదివి, ‘అయితే మనమూ చిక్కుడు గింజలు ఉడకబెట్టి సీసాల్లో పెట్టేద్దాం’ అనుకునేవాళ్లు కాస్త ఆగాలి. ఆవకాయ ఏడాది నిలవ ఉంటుందంటే అందులో ఉప్పుంది, మామిడి పులుపుంది, పైన నూనె తేలుతోంది. ఉడికిన గింజలో వీటిలో ఏదీ సరిపడా లేదు. పులుపు లేని తడి ఆహారాన్ని గాలి చొరకుండా బిగిస్తే బొటులినమ్ అనే బ్యాక్టీరియాకు అంతకన్నా సుఖమైన ఇల్లుండదు. దాని బీజాలు మరిగే నీళ్లకు చావవు. ఫ్యాక్టరీలో ఒత్తిడి పెంచి సుమారు 121 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. అది విషం పుట్టించినా వాసన రాకపోవచ్చు, రంగు మారకపోవచ్చు. ఉబ్బిన మూత, కారుతున్న సీసా కనిపిస్తే రుచి చూసి తేల్చుకుందాం అనే ధైర్యం వద్దు. తెరిచిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో ఖాళీ చేయాలి.

కొనేటప్పుడు ముందు వైపు బొమ్మ కన్నా వెనక చీటీ ముఖ్యం. మంచి సీసాలో గింజలు, నీళ్లు, ఉప్పు ఉంటే చాలు. కాల్షియం క్లోరైడ్ అని కనిపిస్తే అది గింజ విడిపోకుండా గట్టిగా ఉంచడానికి వేసింది. ప్రమాదమేమీ లేదు, కానీ తొక్క కాస్త బిరుసుగా తగులుతుంది. నూనెలో ఊరవేసిన రకాల్లో ఆలివ్ కొమ్మ బొమ్మ వేసి, లోపల సూర్యకాంతి నూనె పోసేవాళ్లకు కొదవలేదు. సీసా బరువు చూసి మోసపోకండి. నీళ్లు ఓడ్చాక మిగిలే గింజల బరువు విడిగా రాసి ఉంటుంది, ధర దాంతో పోల్చుకోవాలి. ఉప్పు తగ్గించుకోవాల్సినవాళ్లు గింజల్ని కొళాయి కింద కడిగితే సోడియం సుమారు 40 శాతం దాకా పోతుంది. బీపీ గొడవ లేనివాళ్లు, గాజు సీసా అయితే ఆ నీళ్లు పారబోయొద్దు. గింజలోంచి దిగిన పిండిపదార్థం అందులోనే ఉంది. పులుసు చిక్కబడడానికి పనికొస్తుంది.

పొయ్యి దగ్గర పావుగంట

సీసాలు స్థూలంగా మూడు రకాలు. ఉప్పునీళ్లలో ఉన్నవి, టమాటా పులుసులో ఉన్నవి, నూనె-వెనిగర్‌లో ఊరినవి. మూడింటినీ ఒకేలా చూడకూడదు.

ఉప్పునీళ్ల గింజలతో అన్నిటికన్నా తేలికైనది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పెనం మీద కాల్చడం. గింజల్ని చిల్లుల గిన్నెలోకి వంచి, పాత నూలు గుడ్డ మీద పరిచి, పైనుంచి ఇంకో మడతతో అద్దాలి. తడి ఉంటే నూనె చిందుతుంది, పైగా గింజ కాలకుండా ఆవిరికి ఉడుకుతుంది. వెడల్పాటి ఇనప పెనం పెట్టి మూడు చెంచాల ఆలివ్ నూనె పోయండి. నూనె పల్చబడి పెనమంతా పరుచుకోగానే గింజల్ని ఒకే వరసగా, ఒకదానికొకటి తగలకుండా సర్దాలి. ఇక్కడి నుంచి కష్టమైన పని. అట్లకాడ కింద పెట్టేయాలి. మూడు నిమిషాలు ముట్టుకోకూడదు. ముందు చిటపటలాడతాయి, లోపలి తడి తగ్గేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది. గింజ అడుగు అంచున బంగారు గీత మొదలవుతుంది. అప్పుడొకటి తిప్పి చూడండి. తొక్క పొక్కులెత్తి, ముదురు గోధుమరంగు బిళ్ల కట్టి ఉంటుంది. రాకుండా పెనానికి పట్టుకుని ఉంటే ఇంకా కాలలేదని అర్థం. లాగితే తొక్క పెనం మీదే ఉండిపోతుంది. అన్నీ తిప్పి ఇంకో రెండు నిమిషాలు. వెల్లుల్లి ఆఖర్న, అదీ అర నిమిషం. ముందే వేస్తే గింజ ఎర్రబడేలోపు అది మాడి చేదెక్కుతుంది. దించాక నిమ్మరసం, ఒరెగానో, దంచిన మిరియాలు. పైన ఫెటా జున్ను చిదిమి చల్లుకుంటే రొట్టెతో పూట గడిచిపోతుంది. బయట కరకర, లోపల మెత్తన. రాత్రంతా నానబెట్టి ఉడికించిన గింజతో కూడా ఇంతకన్నా బాగా రాదు.

ప్లాకి త్వరగా కావాలంటే పులుసును ముందు పూర్తిగా తయారుచేసి, గింజను ఆఖర్న కలపాలి. రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి, ధారాళంగా నూనెలో మెత్తబడేదాకా వేయించండి. వెల్లుల్లి, ఒక చెంచా టమాటా పేస్టు వేసి, పేస్టు రంగు ముదిరేదాకా తిప్పాలి. ఈ ఒక్క నిమిషం అవెన్‌లో గంటసేపు జరిగే పనిలో చాలా భాగం చేసిపెడుతుంది. ఆపైన డబ్బా టమాటా గుజ్జు, ఉప్పు, చిటికెడు చక్కెర లేదా అర చెంచా తేనె. చిన్న దాల్చినచెక్క ముక్క వేసే ఇళ్లూ ఉన్నాయి. గరిటెతో గీస్తే అడుగు కనిపించేంత చిక్కబడ్డాక గింజలు, సీసాలోని నీళ్లు ఒక గరిటెడు. కలిపి, వెడల్పాటి ట్రేలో పోసి, అవెన్ పైమంట కింద ఎనిమిది, పది నిమిషాలు. పైగింజలు మచ్చలు తేలాక తీసి, సన్నగా తరిగిన పార్స్లీ, సోయికూర చల్లి, పది నిమిషాలు అలా వదిలేయండి. అవెన్ లేనివాళ్లు మందపాటి మూకుట్లోనే, మూత లేకుండా, పెద్ద మంట మీద అడుగు కొంచెం పట్టనివ్వవచ్చు. ఆ అడుగు గీకి తినడానికి ఇంట్లో పోటీ ఉంటుంది.

టమాటా పులుసుతో వచ్చే సీసాది వేరే ఇబ్బంది. అది తయారైన ప్లాకియే, కానీ చాలా సీసాల్లో తీపి ముందుకొచ్చి పులుపు వెనకబడుతుంది. అలాగే వేడిచేసి తింటే హాస్టల్ కూరలా ఉంటుంది. నూనెలో వెల్లుల్లి, ఎండుమిరప పలుకులు వేయించి అందులో సీసా మొత్తం కుమ్మరించండి. వేడెక్కాక గరిటె వెనకతో నాలుగు గుంటలు చేసి నాలుగు గుడ్లు కొట్టి పోయండి. మూతపెట్టి నాలుగైదు నిమిషాలు, తెల్లసొన గట్టిపడి పచ్చసొన కదులుతూ ఉండగా దించాలి. నిమ్మరసం మరవొద్దు. గుడ్డు తినని ఇంట్లో పాలకూర రెండు గుప్పిళ్లు వేస్తే ఆ వేడికే వాడి కలిసిపోతుంది. గ్రీకులకు ఆకుకూర, గింజ జంట బాగా అలవాటైనదే.

నూనె-వెనిగర్ రకాన్ని పొయ్యి ఎక్కించకండి. వేడి తగిలితే వెనిగర్ ఘాటు ఇల్లంతా పట్టుకుంటుంది. కీరా, ఎర్ర ఉల్లి, టమాటా, నాలుగు నల్ల ఆలివ్‌లు తరిగి ఆ గింజలు కలిపితే సలాడ్ సిద్ధం, డ్రెస్సింగ్ విడిగా అక్కర్లేదు. టర్కీలో అంతల్యా వైపు తెల్ల గింజల సలాడ్‌ మీద నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి కలిపి పోస్తారు. పియాజ్ అంటారు దాన్ని. వేయించిన నువ్వులు మన ఇళ్లలో ఎప్పుడూ ఉండేవే కనుక, ఎండాకాలం రాత్రి భోజనానికి ఇది బాగా కుదురుతుంది.

ఇంక సూప్, పాస్తా, రొట్టె మీద పూత ఇవన్నీ ఒకే కిటుకు మీద నడుస్తాయి. సగం గింజల్ని వాటి నీళ్లతోనే మెదిపి, మిగతా సగం గుండుగా ఉంచడం. మెదిపినది చిక్కదనం ఇస్తుంది, మీగడ అక్కర్లేదు.

మన పోపులోకి వస్తే

విదేశాల్లో మన వాళ్ల వంటిళ్లలో ఈ గింజ ఎక్కువ రోజులు గ్రీకుగా ఉండదు. నవరాత్రుల్లో గుగ్గిళ్లకు శనగలు నానబెట్టడం మరిచిపోయిన సాయంత్రం ఈ సీసాయే దిక్కు. గింజలు కడిగి, ఆరనిచ్చి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో రెండు నిమిషాలు ఎగరేసి, కొబ్బరి తురుము చల్లితే అయిపోయింది. ఎగరేయాలన్నాను, గరిటె పెట్టి కలపమనలేదు. శనగకున్న గట్టితనం దీనికి లేదు. ప్రసాదానికైతే సీసాలో ఉల్లి, వెల్లుల్లి లేవని చీటీ చూసి నిర్ధారించుకోవాలి.

గోంగూరతో ఇది ఎంత బాగుంటుందో చెప్పాలి. పచ్చి గింజనో, నానిన గింజనో గోంగూరలో వేస్తే పులుపు తగిలి తొక్క బిగుసుకుపోతుంది, ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. ఆ చిక్కు సీసా గింజకు లేదు. అది మెత్తబడే వచ్చింది కనుక పులుపు దాన్ని చెరచలేదు సరికదా, ఇక మరీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. పచ్చిమిర్చి, ఉల్లిపాయతో గోంగూర మగ్గించి, నూనె తేలాక గింజలు వేసి అయిదు నిమిషాలు చాలు. ఫ్రీజర్లో దొరికే గోంగూర అయినా పనికొస్తుంది. వేడి అన్నంలోకి దీని ముందు టమాటా ప్లాకి కూడా చిన్నబోతుందని నా అభిప్రాయం. గ్రీకులు ఒప్పుకోనక్కర్లేదు.

పితికిపప్పు విషయంలో మాత్రం నేను రాజీ పడను. చలికాలంలో చిత్తూరు వైపు అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య పితికి తొక్క తీసి చేసే కూర అది. దాని రుచిలో సగం ఆ పచ్చి గింజ వాసనే. సీసా గింజను అదే మసాలాలో వేస్తే కూర బాగానే ఉంటుంది. పేరు మాత్రం వేరేది పెట్టుకోవాలి.

సీసా అందని ఇంట్లో

ఇక్కడ దిగుమతి సరుకుల అంగళ్లలో ఇలాంటి సీసా ఒక్కోసారి దొరికినా, ధర చూస్తే గింజలకు ఇంత పెట్టాలా అనిపిస్తుంది. పెట్టనక్కర్లేదు. మన కిరాణా కొట్లలో దొరికే డబుల్ బీన్స్ ఉన్నాయి. అవీ ఫేసియోలస్ ప్రజాతివే, జాతి వేరు. గిగాంటెస్ అంత లావు ఉండవు, తొక్క కొంచెం మందం. ప్లాకికి సరిపోతాయి. పెద్ద తెల్ల గింజలు ఏరి తీసుకుని, లీటరు నీళ్లకు ఒక పెద్ద చెంచా చొప్పున ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టండి. ఉప్పు వేస్తే గింజ ఉడకదని మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. నానబెట్టే నీళ్లలో వేస్తే జరిగేది దానికి వ్యతిరేకం. తొక్కను బిగించి పెట్టే కాల్షియం, మెగ్నీషియంల చోట సోడియం చేరి తొక్క మెత్తబడుతుంది. నానిన నీళ్లు పారబోయాలి. కొత్త నీళ్లలో పది నిమిషాలు మూత లేకుండా తెర్లనివ్వాలి. రాజ్మాలాంటి గింజల్లో పచ్చిగా ఉన్నప్పుడు కడుపును తిప్పేసే లెక్టిన్లు ఉంటాయి, సన్నసెగ మీద గోరువెచ్చగా నానిస్తే అవి పోవు. తరవాత కుక్కర్లో రెండు మూడు విజిల్స్ చాలు. ఆవిరిని దానంతట దాన్నే పోనివ్వండి. తొందరపడి వదిలిస్తే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి తొక్కలు పగిలిపోతాయి. ఒకేసారి కిలో ఉడికించి, ఆ నీళ్లతోనే డబ్బాల్లో పోసి ఫ్రీజర్లో పెట్టుకుంటే నెలకు సరిపడా సీసాలు ఇంట్లో ఉన్నట్టే.

ఫెటా లేనివాళ్లకు పనీర్ వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పనీర్‌లో ఉప్పూ లేదు, పులుపూ లేదు. దాని బదులు గట్టి పెరుగును గుడ్డలో వేలాడగట్టి, ఉప్పు, నిమ్మరసం కలిపి పక్కన పెట్టుకోవడం నయం. నూనె ఆలివ్‌ది లేకపోతే గానుగ నువ్వుల నూనె వాడొచ్చు. రుచి వేరవుతుంది, తక్కువేమీ కాదు. టమాటా మాత్రం గింజ రెండు వేళ్ల మధ్య తేలిగ్గా నలిగాకే వేయాలి.